కాకోలాల బియ్యం

"ఈ వారం నీ సంచీ తేలిగ్గా ఉందేమిటే, కుమ్‌సున్?"

ఓక్‌హీ టీచరు ఆ గుడ్డసంచీని అరచేతిలో ఎగరేసి చూసింది. కుమ్‌సున్ తల వంచుకుంది. ఆదివారపు బడి పిల్లలందరూ చాపల మీద బిగుసుకుపోయి కూర్చున్నారు.

జిరీ కొండల్లోని ఆ ఊళ్లో విశ్వాసుల ఇళ్లన్నిటా ఒకటే ఆనవాయితీ. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు గుప్పెడు బియ్యం తీసి దేవుడి సంచీలో వేస్తుంది. ఆదివారం ఆ సంచీని పిల్లలు చర్చికి మోసుకొస్తారు. పాత ధాన్యం అడుగంటింది, బార్లీ ఇంకా కోతకు రాలేదు. అయినా ఆ గుప్పెడు మానిన ఇల్లు లేదు. మరి పోయిన వారం పిల్సు సంచీ, అంతకు ముందు మల్యే సంచీ ఎందుకు చిక్కిపోయి వచ్చాయి? దారిలో పచ్చి బియ్యం నములుతున్నారని ఓక్‌హీ అనుమానం. ఆకలి తనకూ తెలుసు కాబట్టి అప్పుడు మాట మింగి ఊరుకుంది.

యుద్ధంలో మొగుడు పోయాక ఆవిడకు మిగిలినవి ఈ పిల్లలూ, దేవుడి మాటా. చలికాలం చివర్లో ఇంట్లో బియ్యం నిండుకుంటే, పాస్టరుగారు చర్చి జాడీలోంచి నాలుగు గింజలు ఇవ్వబోయారు. దేవుడికిచ్చినవి తాను ముట్టనని, పోషిస్తానన్నవాడు తనే చూసుకుంటాడని పిల్లల ముందే అనేసింది. తర్వాత ఇంటికెళ్లి, కొండాకుల జావ తాగుతూ ఏడ్చింది.

ఆ శనివారం పొద్దువాలే వేళకు గుమ్మంలో సొరబుర్ర నిండా బియ్యం ఉన్నాయి. అప్పట్నుంచి ఏ శనివారమూ తప్పలేదు. ఒక వారం జొన్నలు కలిసి, ఒక వారం నల్ల చిక్కుడు గింజలతో, ఒక వారం సగం రాళ్లతో. పెట్టింది ఎవరని ఆవిడ తొంగి చూడలేదు. కరువులో ఏలీయా ప్రవక్తకు దేవుడు పంపిన కాకోలాలు రొట్టె తెస్తే, ఎవరింట్లోంచని ఆయన ఆ కాకుల్ని అడిగాడా? ప్రతి ఆదివారం ఆ సంగతే పిల్లలకు సాక్ష్యంగా చెప్పుకుని మురిసిపోయేది.

ఇవాళా చెప్పింది. కాకపోతే గొంతులో మురిపెం లేదు.

"దేవుడు ఏలీయాకిచ్చిన మాట తప్పలేదు. నాకిచ్చిన మాటా తప్పలేదు, నిన్న కూడా వచ్చాయి బియ్యం. ఆయన కోసం మీ అమ్మలు తీసిన గుప్పెట్లో మీరు చెయ్యి పెడతారా?"

ఆరేళ్ల మల్యే ఏదో చెప్పబోయింది. కుమ్‌సున్ దాని మోకాలు గిల్లింది.

"సంచీలోంచి తీశావా?"

"తీశానండి."

"తిన్నావా?"

కుమ్‌సున్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఓక్‌హీ మనసు చివుక్కుమంది. వాక్యాలన్నీ కంఠతా వచ్చిన పిల్ల, అందరికంటే పెద్దది. పిల్లలకు తను నేర్పిందంతా బూడిదలో పోసినట్టే అనిపించింది.

"నిన్ను చూసే వీళ్లంతా నేర్చుకుంటున్నారు," అంది. "ఇంకొక్క సంచీ తగ్గిందంటే మీ అమ్మలకు చెప్పేస్తాను."

ప్రార్థన అయ్యాక పిల్లలు రబ్బరు జోళ్లు తొడుక్కుని చప్పుడు లేకుండా వెళ్లిపోయారు. ఖాళీ చేసిన సంచీని కుమ్‌సున్ చాప మీదే మరిచిపోయింది. మరీ గట్టిగా అన్నానేమోనని నొచ్చుకుంటూ ఓక్‌హీ దాన్ని పట్టుకుని బయటికొచ్చింది.

మట్టిగోడకు అవతల ఎవరో వెక్కుతున్నారు. ఇప్పుడైనా నిజం బయటపడుతుందని ఆవిడ ఆగింది. ముందు పిల్సు గొంతు వినిపించింది, అమ్మలకు చెబితే వీపులు చిట్లుతాయని. చిట్లితే చిట్లనీ, అనుకున్న మాట అనుకున్నదే అని కుమ్‌సున్ ముక్కు చీదుకుంది.

మల్యే అడిగింది.

"అక్కా, ఈ శనివారం కాకోలం ఎవరు?"