కమాను కింద ఖాళీ

పెళ్ళికూతురుగా నిలబడాల్సిన మోడల్ పొద్దున్నే ఫోన్ చేసి రానంది. ఆ పాత కోటలో హాలు మధ్యాహ్నం వరకే మాది. నా దగ్గర పెళ్ళి ఫోటోలు తీయడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా కెమెరాలు పట్టుకుని నా ముఖం చూస్తున్నారు. గత్యంతరం లేక, బట్టలు ఇస్త్రీ చేయడానికి తోడొచ్చిన అమ్మనే ముస్తాబు చేసి కమాను కింద నిలబెట్టాను.

ఇవాళ్టి పాఠం ఒక్కటే. పెళ్ళికూతురు కమానుకి నడిమధ్యన ఉండాలి. అమ్మేమో ప్రతి ఫోటోకీ ఎడమపక్కకి జరిగిపోతోంది.

"అమ్మా, మధ్యలోకి రా."

వచ్చింది. నాతో సహా అందరి కెమెరాలూ లేచేసరికి మళ్ళీ జరిగింది.

"పక్కన అంత ఖాళీ ఎందుకమ్మా? నా ప్రాణం తోడేస్తున్నావు."

"కసురుకోకే. మా పెళ్ళికి ఫోటోగ్రాఫరు మీ నాన్నే కదా. కెమెరా స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి పరుగెత్తుకొచ్చాడు. చేరేలోపే క్లిక్కుమంది. ఫోటోలో నేనొక్కదాన్నే మిగిలాను."

"నాన్నే లేడు. ఇప్పుడా పాత గొడవ ఎందుకు?"

అమ్మ కొంగు సర్దుకుని, ఎడమపక్కకి ఇంకాస్త జరిగింది.

"నువ్వు నొక్కు. ఈసారైనా అందుకుంటాడేమో చూద్దాం."