ముద్ర చెదరని సీసా

"కప్పు నిండా పొయ్యకమ్మా, లేచి వెళ్లమంటున్నాం అనుకుంటుంది," తులెగెన్ నవ్వుతూ కోడల్ని మందలించాడు.

అయీమ్ సిగ్గుపడి, చేపల కేంద్రం నుంచి వచ్చిన ఝనార్ ముందు సగం కప్పు టీ పెట్టింది. అయీమ్‌కు ఆరో నెల. వంగితే ఆయాసం.

"టీ అదిరింది అగా!" అంది ఝనార్, పెద్దాయన్ని తమ వాడుకలో అన్నగారూ అన్నట్టు పిలుస్తూ.

"టీదేముంది, మా పెరటి బోరు మహిమ. ఫ్యాక్టరీ కాలనీ అంతా బకెట్లు పట్టుకుని ఇక్కడికే వస్తారు."

తులెగెన్ రంగుల ఫ్యాక్టరీలో నీటి విభాగం అధికారి. పొద్దున ఇద్దరూ కలిసి, ఫ్యాక్టరీ గొట్టం నదిలో కలిసేచోట ఒక సీసా నీళ్లు పట్టారు. మూత మీద లక్క ముద్ర వేసింది ఆయనే. ముద్ర ఫ్యాక్టరీది, పరీక్ష ఝనార్‌ది. ఆ నీళ్లలో బంగారుతీగ చేప గుడ్లు సరిగ్గా పొదగకపోతే గొట్టం మూసేస్తారు. గొట్టం మూస్తే ఫ్యాక్టరీకీ తాళమే. ఆయన కొడుకు పనిచేసేదీ అందులోనే.

"బయల్దేరతా అగా. సీసా మీ కారులోనే ఉండిపోయింది."

"రొట్టె తుంచి నోట్లో వేసుకోకుండా నా గడప దాటతావా? కుల్యాష్, ఈ అమ్మాయిని కదలనివ్వకు. చేతులు కడుక్కొస్తా," అని భార్యకు పురమాయించి లేచాడు.

చేతులు కడుక్కోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. ఆయన తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు పుట్టబోయేవాడి పేరు దగ్గర పోట్లాడుకుంటున్నారు.

వారం తిరక్కుండానే ఝనార్ కబురు పెట్టింది. తులెగెన్ ఈల వేసుకుంటూ వెళ్లాడు.

"ఇవి మా ఊట నీళ్లలో పెట్టినవి."

ఆయన మైక్రోస్కోపులో చూశాడు. గాజుపూసల్లాంటి గుడ్లు. లోపల నల్లటి కళ్లు, టకటకా కొట్టుకుంటున్న గుండెలు.

"ఇవి మీ సీసావి."

చిరునవ్వుతోనే వంగినవాడు అలాగే ఉండిపోయాడు. పిల్లల వెన్నులు కొడవళ్లలా వంకర తిరిగాయి. గుండె చుట్టూ నీరు చేరి సంచుల్లా ఉబ్బింది. కొన్నిటికి కళ్లే రాలేదు.

"సీసాలు తారుమారయ్యాయేమో అమ్మాయ్!"

"ఉన్నదే ఒక్క సీసా. ఆ రోజు ఇక్కడికొచ్చి, ముద్ర చెదరలేదని చూసి, మీ చేత్తోనే విప్పారుగా?"

"పోనీ, పళ్లెం సరిగ్గా కడగలేదేమో."

"మూడు పళ్లేల్లో పెట్టా, మూడూ ఇంతే. మీ రంగుల్లో వాడే క్రోమియం అగా. ఈ మోతాదుకి తల్లి చేప చెక్కుచెదరదు, నిక్షేపంగా ఈదుతుంది. దెబ్బంతా లోపలి పిల్లకే."

ఆయన అరుస్తాడని, పైవాళ్ల పేర్లు చెప్పి బెదిరిస్తాడని ఝనార్ సిద్ధంగా ఉంది. ఆయన ఫోను తీసి ఇంటికి చేశాడు.

"కుల్యాష్, అయీమ్‌ని ఇప్పుడే వాళ్ల పుట్టింటికి పంపించు."

"మతిపోయిందా ముసలోడా? పిల్ల ఇప్పుడే టీ పోసుకుని కూర్చుంది."

"తాగనివ్వకు!"

ఝనార్ విస్తుపోయింది. "నది నీళ్లు మీ ఇంటికి రావుగా అగా, అంత భయమెందుకు?"

తులెగెన్ కుర్చీలో కూలబడ్డాడు. జేబులోంచి ఫ్యాక్టరీ ముద్ర తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ సీసాలో ఉన్నది మా బోరు నీళ్లమ్మా."