కొసరు

స్రవంతి తోటపనిలో ఉంటే రోడ్డు పక్కన ఆమె కూరగాయల బల్ల దగ్గర ఎవరూ ఉండరు. కావలసినవాళ్లు తామే తూచుకుని, డబ్బాలో డబ్బులు వేసి వెళ్తారు. ఊరూరా ప్రతి బల్లకూ వచ్చినట్టే దీనికీ ఒక మాట్లాడే కాపలా స్తంభం వచ్చిపడింది. వచ్చిన వారానికే అది నలుగురిని దొంగలుగా తేల్చింది.

"తూకం అయ్యాక ఇంకో వంకాయ సంచిలో వేసుకున్నారు. మీరు ఖాయం చేస్తే ఇక వీళ్లను ఏ బల్ల దగ్గరికీ రానివ్వరు. చేయమంటారా?" అని స్తంభం స్రవంతిని అడిగింది.

స్రవంతికి ఒళ్లు మండింది. "అది దొంగతనం కాదు, కొసరు. తూకం అయినంక అమ్మేటోళ్లు ఒకటి ఎక్కువ ఏస్తరు."

"వేయడానికి మీరు అక్కడ లేరు."

"నేను లేననే వాళ్లే ఏసుకున్నరు. రెండోదాని మీద చెయ్యేసిన్రా?"

స్తంభం తాను చూసి దాచుకున్నదంతా మళ్లీ వెతికింది. "లేదు," అంది.

మర్నాడు స్రవంతి పాదులకు నీళ్లు పెడుతుంటే రోడ్డు మీంచి స్తంభం గొంతు వినిపించింది. సంచి పట్టుకుని వెళ్లిపోతున్న ఓ కొత్త మనిషిని అది వెనక్కి పిలుస్తోంది.

"జర ఆగుండ్రి అక్కా. కొసరు తీసుకోకుండనే పోతున్నరు."