రంపపు అంచు లేని ఆకు

ఆ రోజుల్లో మదనపల్లెలో ప్రతి మిద్దె తోటకూ తనంతట తానే తిరిగే ఒక మర ఉండేది. ఆకును చూసి రకం చెప్పి, నీళ్లు పోసేది. తనకు తెలియని మొక్కను కలుపనుకుని పీకేసేది.

వసుంధర ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. సవతి కూతురు నీలవేణి ఆమెతో పెద్దగా మాట్లాడేది కాదు. ఒక సాయంత్రం ఆ పిల్లే పరుగున వచ్చింది.

"పిన్నమ్మా, కోతులు టమాటా కుండీలన్నీ దొర్లించేసినాయి. మా అమ్మ దాచిన విత్తనంతో మొలిచిన టమాటా మొక్కను ట్యాంకు వెనక పెట్టుకునింటి. అదీ ఆ మొక్కల్లో కలిసిపోయింది. మర చూస్తే పీకేస్తాది."

మర అప్పటికే కదిలింది. వసుంధర దానికి అడ్డంగా కూర్చుని ఒక్కో మొక్క ఆకునూ వేళ్లతో తడిమింది. అన్నింటికీ అంచు రంపంలా ఉంది. ఒక్కదాని ఆకు మాత్రం వెడల్పుగా, ఉర్లగడ్డ దుంప మొక్క ఆకులా అంచు నున్నగా ఉంది. నలిపితే టమాటా వాసనే.

"ఇదేనా చూడు."

నీలవేణి వాసన చూసింది. "ఇదే. అమ్మ చేతులు ఇట్లే వాసనొచ్చేవి."

వసుంధర దాన్ని మట్టితో సహా చేతుల్లోకి తీసుకుంది. మనిషి పట్టుకున్న మొక్కను మర పీకదు. ఆగి అడిగింది.

"ఈ రకం నాకు తెలియదు. ఏమని రాసుకోవాలి?"

నీలవేణి వసుంధర వైపు చూసింది.

"హైమావతి" అని చెప్పింది వసుంధర. అది నీలవేణి కన్నతల్లి పేరు. వసుంధర ఆ పేరు పలకడం అదే మొదటిసారి.

మర ఆ పేరు రాసుకుని, ఆమె చేతుల్లోని మొక్కకు మెల్లగా నీళ్లు పోసింది. నీలవేణి వచ్చి వసుంధర భుజానికి ఆనుకుని కూర్చుంది.

"కాయలు కాస్తే పప్పులోకి మనిద్దరం కోద్దాం పిన్నమ్మా" అంది.