ఏసుదానం గారి ఎకో మిషన్

"మైకు దగ్గరికి రాకు మామ్మా. నీ ఊపిరి కూడా పట్టేస్తాది."

గుమ్మం దాటి లోపలికి వచ్చిన ముసలావిడ అక్కడే ఆగిపోయింది.

రాబర్ట్ తలెత్తి సరిగా చూడనైనా లేదు. అతని ముందు నేలమీద గిటారు పెడల్స్ పరిచి ఉన్నాయి. కాలితో నొక్కితే గిటారు గొంతు మార్చే డబ్బాలవి. పక్కనే బల్లమీద వాళ్ళ నాన్న ఏసుదానం గారి పాత ఎకో మిషన్. మూత తీసి ఉంది. లోపల టేపు చుట్ట గిర్రున తిరుగుతోంది. విన్న మాటని ఆ టేపు మీద పట్టుకుని, క్షణం ఆగి తిరిగి పలికి, ఆపైన చెరిపేసుకోవడం దాని పని.

ఆదివారం నాన్న జ్ఞాపకార్థ కూడిక. చర్చి సంఘమంతా వస్తుంది. నాన్న కట్టిన పాటని, అచ్చం ఆయన కాసెట్‌లో ఉన్నట్టే తనే పాడి, వాయించి వినిపించాలని రాబర్ట్ పంతం. బతికుండగా పక్కన కూర్చుని వాయించమని ఆయన ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. ఆ లోటు ఇప్పుడు ఇలా తీర్చుకుందామని.

ఆ కాసెట్‌లో పాడింది అప్పటి పాటల బృందంలోని చిన్నతల్లి అనే అమ్మాయి. గిటారు, మిషన్ నాన్నవి. ఇప్పుడు అన్నీ కుదిరాయి. వణుకొక్కటే కుదరడం లేదు.

పాటలో "వదలకుమా" అనే చోట చివర సన్నగా వణుకుతుంది, గాలికి దీపం ఊగినట్టు. అది ఈ మిషన్ మాయేనని రాబర్ట్ నమ్మకం. టేపు వదులు చేసి చూశాడు, బిగించి చూశాడు. మోటారు విప్పి తుడిచాడు. ఎక్కడెక్కడి పాత పెడల్సో వెతికి తెప్పించాడు. మనుషులతో రెండు మాటలు మాట్లాడే తీరిక లేదు గానీ, మిషన్‌ని బతిమాలడానికి మాత్రం ఎక్కడలేని ఓపిక.

"ఏసుదానం గారిల్లు ఇదే కదా బాబూ?"

"ఇదే. ఆయన పోయి ఏడాదైంది మామ్మా."

"మొన్ననే తెలిసినాది. ఆదివారందాకా ఉండనేను. అందుకే ఇయ్యాల..."

రాబర్ట్‌కి విషయం అర్థమైపోయింది. కూడిక అనగానే ఎవరెవరో వస్తుంటారు.

"భోజనాలు ఆదివారమే మామ్మా. ఇయ్యాల ఏటీ వండనేదు."

ఆవిడ చేతిలోని గుడ్డసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది.

"భోజనానికి రానేదు బాబూ. ఆ పాట ఓసారి పాడుకుని ఎల్లిపోతాను. ఆ పెట్టి ముందర."

"ఏ పాట?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. చెప్పకుండా పాడేసింది.

"వంశధార దాటించినవాడా... నా చెయ్యి వదలకుమా..."

గొంతు బీటలు వారి ఉంది. శ్రుతి ఎక్కడో, పాట ఎక్కడో. పైగా చివర్లో గడగడా వణికింది. ఆ బొంగురంతా మిషన్‌లో మోగుతుంటే రాబర్ట్‌కి ఒళ్ళు మండింది. ఆఖరి మాటకి ఎకో వచ్చేలోపే టక్కున స్విచ్ ఆపేశాడు.

"వయసైపోనాది మామ్మా నీకు. గొంతు వణికిపోతన్నాది. పాట పాడైపోతాది."

"నిజమే." ఆవిడ చిన్నగా నవ్వింది. "నా గొంతు ముందునించీ అంతే."

కాసేపు ఆ మిషన్ వైపే చూసింది.

"కాంతం నేదా?"

"అమ్మ మార్కెట్‌కెళ్ళినాది."

"సరే బాబూ. నాకు రైలుంది."

వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

రాబర్ట్ గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ వేళ్ళు కదల్లేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కూర్చోమనలేదు. ఏ ఊరని గానీ, పేరేమిటని గానీ అడగలేదు. నోటికొచ్చిన భోజనాల మాట ఇప్పుడు తన చెవికే ఎబ్బెట్టుగా వినిపించింది. నాన్న అయితే ముందు కుర్చీ లాగి, ఆ తర్వాతే మాట మొదలుపెట్టేవాడు.

సిగ్గేసి వీధిలోకి వచ్చాడు. నెల్లిమర్ల స్టేషన్ వైపు మలుపు దాకా ఎవరూ కనిపించలేదు. కదిలిపోతున్న రైలు కూత మాత్రం వినిపించింది.

పనిలో పడితే ఈ ముల్లు పోతుందనుకుని లోపలికి వచ్చి స్విచ్ వేశాడు. టేపు కదిలింది.

"...వదలకుమా..."

ఇందాక తను బయటికి రానివ్వని మాట.

మళ్ళీ వచ్చింది, ఇంకొంచెం సన్నగా. మళ్ళీ. తిరిగినకొద్దీ బొంగురు అరిగిపోయి, చివరి వణుకొక్కటే మిగిలింది.

అదే వణుకు. ఇన్నాళ్ళూ వెతికిన వణుకు.

దొరికిందని రాబర్ట్ గబగబా చెయ్యి చాపాడు, ఏ మీట ఎక్కడుందో గుర్తు పెట్టుకుందామని. మీట మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తను ఏదీ మార్చలేదు. గిటారు తీగైనా ముట్టుకోలేదు.

ఈలోపు టేపు ఆ మాటని చెరిపేసుకుంది. గదిలో మోటారు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

గుమ్మంలో ఏదో దబ్బున పడింది. కూరల సంచి. కాంతం చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చేసింది. కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. నాన్న పోయాక అమ్మ ముఖం అంత వెలగడం రాబర్ట్ చూడలేదు.

"అది సిన్నతల్లి గొంతే! ఎప్పుడొచ్చినాదిరా? ఏదీ? అన్నం పెట్టినావా?"