ప్లైవుడ్ అవతలి టకటక

“అందరు కలిసి రాసే కాగితమన్నవు. ఒక్కలన్న రాస్తున్నరా?”

ప్లైవుడ్ అడ్డుగోడ మీదుగా రాధాబాయి అడిగింది. అవతల రామ్‌దాస్ తల ఎత్తాడు.

“రా... రా...”

“రాస్తరు, రాస్తరు. నాకు పండ్లూడినంక రాస్తరు.”

అతనికి నత్తి. ఆమెకు తొందర. అతను మొదలుపెట్టిన మాటను ఆమే పూర్తిచేసి అవతల పారేసేది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మందుల దుకాణం మీది గది అది. అక్కడి నుంచి ముత్తన్న పసుపు, వడ్లు, బెల్లం ధరలు చెప్పే వెబ్‌సైటు నడిపేవాడు. రెండువేల ఆరులో అదొక వింత. “ముత్తన్న కంప్యూటర్ల పసుపు ఆరబోసిండు” అని మార్కెట్లో నవ్వుకునేవారు.

ధరలు సైటులోకి ఎక్కించేది రాధాబాయి. చెప్పవలసినవాళ్లు ముగ్గురు: మాక్లూర్ పోశయ్య, సిరికొండ భీమన్న, బోధన్ నర్సింలు. ఆఫీసు ఫోనులో ఒకరు దూరితే మిగతా ఇద్దరికీ లైను దొరికేది కాదు. అందుకే ముత్తన్న బోధన్ నుంచి రామ్‌దాస్‌ను పిలిపించి, సైటు లోపల ఒక నోట్‌ప్యాడ్ పెట్టించాడు. పాస్‌వర్డు అందరికీ ఒకటే. ఏ ఊరి నుంచి ఎవరు రాసినా మిగతావాళ్లకు కనబడుతుంది. రాసినవాళ్లు కింద ఊరి పేరు పెట్టాలి, అంతే.

రాధాబాయిది ఒంటరి బతుకు. మగడు పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ బ్యాటరీకి దయ కలిగితే.

ఆ మధ్యాహ్నం విసుగుతో నోట్‌ప్యాడ్‌లో కొట్టింది: “ఎవ్వలన్న ఉన్నరా?”

కాసేపటికి మాక్లూర్ నుంచి పసుపు ధర వచ్చింది. దాని కింద ఇంకో ముక్క: “ఉన్నమక్కా. ఈడ పసుపు ఉడకబెట్టిన ఆవిరికి మీదికెళ్లి పోయే కొంగలు పచ్చవడ్డయి. పెండ్లిపిల్లలనుకొని బ్యాండోల్లు ఎంటవడ్డరు.”

రాధాబాయి నవ్వింది. ఆ గదిలో అలాంటి చప్పుడు ఎన్నడూ వినని పావురం కిటికీ మీంచి లేచిపోయింది.

మర్నాడు సిరికొండ రాసింది: “మా గుట్టమీది ఎలుగుబంటి బస్సెక్కింది. కంబలి కప్పుకున్న ముసలోడనుకొని కండక్టరు టికెట్టు కొట్టిండు.”

బోధన్ ఊరుకుంటుందా? “చెరుకు బండెంక పోరగాండ్లు పడ్డరు. పీకంగ పీకంగ ఫ్యాక్టరీ కాడికి ఎడ్లే వచ్చినయి.”

అబద్ధాల్లో ఒకరిని మించినవారు ఒకరు. అయితే చివరికి ముగ్గురూ ఒకటే అడిగేవారు: “బువ్వ తిన్నవా అక్కా? ఏం కూర?”

“తిన్న. పప్పుచారు” అని కొట్టేది. తినేది కాదు. ఒక్క కడుపుకు పొయ్యి ఎందుకని బిస్కెట్లతో సరిపెట్టేది. కాని రోజూ ముగ్గురు అడుగుతుంటే రోజూ ముగ్గురికి అబద్ధం చెప్పడం ఎంతటిదానికైనా కష్టమే. వండుకోవడం మొదలుపెట్టింది.

ఒక్కటే చికాకు. ఆమె ఆ ముగ్గురి కబురు కోసం కళ్లు కాయలు కాసేలా కూర్చున్న వేళకే అవతల రామ్‌దాస్ తన సెల్‌ఫోనులో “ఆఁ... ఆఁ...” అనేవాడు. ఆ వెంటనే కీబోర్డు మీద పడేవాడు. టకటక, టకటక.

“రామ్‌దాసూ, పేలాలు ఏంచుతున్నవా?”

“అ... అక్క...”

“అయితది లే. మెల్లగ కొట్టు.”

ఒకనాడు ముత్తన్న వచ్చాడు.

“అక్కా, నోట్‌ప్యాడ్ మంచిగ నడుస్తున్నదా?”

“ముగ్గురు బంగారమసొంటోల్లు. ఒక్కనాడు నాగా లేదు.”

“మరి రామ్‌దాస్‌తోని ఇంకేమన్న పనున్నదా?”

“ఏం పని? గా టకటక తప్ప. పంపియ్యి.”

పోయే రోజు రామ్‌దాస్ సంచి భుజాన వేసుకొని ఆమె ముందు నిలబడ్డాడు.

“అక్క... ఆ నో... నోట్‌ప్యాడ్ల...”

“అది నడుస్తది లే, నువ్వు రందివడకు. బస్సు పోతది, పో.”

అతను సంచి సర్దుకున్నాడు. చిన్నగా నవ్వి మెట్లు దిగాడు.

మర్నాడు గది హాయిగా ఉంది. రాధాబాయి నోట్‌ప్యాడ్‌లో రాసింది: “ఇయ్యాల గుత్తొంకాయ కూర. శనివారం ముగ్గురు ఆఫీసుకు రాండ్రి, నా చేతి బువ్వ తిందురు.”

జవాబు రాలేదు. ధర కూడా రాలేదు. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయకుండానే సాయంత్రమైంది.

ఆ మర్నాడు ఫోను మోగింది. మాక్లూర్ పోశయ్య.

“అక్కా, రామ్‌దాస్ ఫోను కలుస్తలేదు. ధర ఎవలికి చెప్పాలె?”

“నోట్‌ప్యాడ్ల నువ్వే రాస్తవు గద, పోశన్నా.”

“నేనా? మా తాన కరెంటే సుట్టం లెక్క వచ్చిపోతది, నెట్టు ఏడిది? ముగ్గురం ఆయనకే ఫోన్ల చెప్తుంటిమి. ఆఁ, ఆఁ అనుకుంట ఆయనే ఎక్కిస్తుండె.”

“మరి పచ్చ కొంగలు?”

“ఏం కొంగలక్కా?”

రాధాబాయి ఫోను పెట్టేసి, రామ్‌దాస్ ఎక్కడున్నాడని ముత్తన్నను అడిగింది.

“బొంబాయి పోయిండంట అక్కా. నంబరు గిట్ల ఏమియ్యలే.”

ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుని “ఎవ్వలన్న ఉన్నరా?” అని కొట్టింది. చెవి ప్లైవుడ్‌కు ఆనించింది.

అవతల చప్పుడు లేదు; మాక్లూర్‌ను, సిరికొండను, బోధన్‌ను, ముగ్గురినీ ఒకే బస్సులో, ఒకే టికెట్టు మీద, తానే పంపించేసింది.