ఇరుక్కుపోయిన గడియ

“అమ్మా, తలుపు తియ్యి! కింద మావాళ్లు హారన్ కొడుతున్నారు!”

“గడియ ఇరుక్కుపోయిందిరా. వడ్రంగికి ఫోన్ చేశాను.”

స్నానాలగదిలో కొడుకు బకెట్‌ను కాలితో తన్నాడు. మార్కెట్లో ‘వాళ్ల’ కొట్లన్నీ ఇవాళ తగలబెడతామని ఒట్టేసుకున్న జట్టులో అతడే ముందు. కిటికీలోంచి పిల్లి కూడా దూరలేదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. కింద బళ్లు అతణ్ణి వదిలేసి వెళ్లిపోయాయి.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఎదురుగా వడ్రంగి, ఒంటినిండా రంపపు పొట్టు. ‘వాళ్లలో’ మనిషే.

“భయపడ్డావా అల్లుడూ? మీ అమ్మ ఫోన్లో ఏడుస్తుంటే తెరిచిన కొట్టు తెరిచినట్టే వదిలేసి వచ్చాను.” గడియను అటూ ఇటూ ఆడించి చూశాడు. “ఇదేంటి చెల్లెమ్మా, వెన్నలా జారుతోంది? ఎవరో బయటినుంచి వేశారు, అంతే.”

“నేనే వేశాను.”

తల్లి వీధితలుపుకు తాళం వేసి, తాళంచెవిని కొంగున ముడేసుకుంది.

“కూర్చో అన్నయ్యా. ఈ పూట నువ్వు కొట్లో ఉండకూడదు. వీడు ఆ గుంపులో ఉండకూడదు.”

వడ్రంగి మెల్లగా కొడుకు వైపు తిరిగాడు.

కొడుకు మళ్లీ స్నానాలగదిలోకి వెళ్లి, ఈసారి లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.